ఆపరేషన్ గదికి ముందూ, తరువాతా

అమీర్‌పేట నుంచి యూసుఫ్‌గూడ వైపు వెళ్లే దారిలో కృష్ణానగర్ ఉంది. సినిమా పనివారి బస్తీగా దానికి పేరు. జూనియర్ ఆర్టిస్టులు, మేకప్ చేసేవారు, లైట్‌మెన్, దర్జీలు, ఇంకా అవకాశం కోసం ఎదురుచూస్తున్నవారు ఇరుకు గదుల్లో ముగ్గురు నలుగురుగా కాలం గడుపుతుంటారు. ఊరూ పేరూ పెద్దగా అడగకుండానే గది అద్దెకు దొరికే చోటు కనుక, ఇల్లు విడిచి వచ్చినవారు కూడా ఇక్కడికే చేరుకుంటారు.

గడచిన శీతాకాలంలో ఆ బస్తీలో మేము ఒక తల్లిని కలుసుకున్నాము. ఆమె గుంటూరు జిల్లాలోని ఒక పల్లె నుంచి వచ్చారు. ఆమె పెద్ద కూతురుగా పెరిగిన బిడ్డ రెండేళ్ల క్రితం ఇల్లు విడిచింది. ఇప్పుడు సినిమా దుస్తుల విభాగంలో పని చేసుకుంటూ, మగపేరుతో, మగవేషంలో బతుకుతున్నది. వచ్చే నెల ఆపరేషన్ అని ఫోనులో కబురు తెలిసింది. “ఆ పేరు ఇంట్లో ఎత్తవద్దు” అన్నారు తండ్రి. తల్లి ఆయనకు చెప్పకుండా బస్సెక్కారు.

మాలో ఉన్న సోదరి చేయి పట్టుకొని ఆమె అడిగిన మాటలు ఇవి: “అమ్మా, ఒప్పుకోమని గాని, వద్దని గాని నాకు చెప్పకండి. ముందు అక్కడ ఏం చేస్తారో చెప్పండి. ఎన్నాళ్లు మంచాన ఉండాలి? ప్రాణానికి ముప్పుందా? మన దీన్‌లో దీనికి ఏమని ఉంది? అన్నిటికీ మించి, ఆ రోజు నా బిడ్డ పక్కన ఎవరుంటారు?”

ఇలాంటి ప్రశ్న మన ఇళ్లలో మరెవరికీ ఎదురుకాదని అనుకోవడం ఆత్మవంచనే అవుతుంది. అందుకే ఆ తల్లి ప్రశ్నల వరుసలోనే ఈ వ్యాసం రాస్తున్నాము.

మొదట తేల్చుకోవలసిన సంగతి

స్త్రీగా పెరిగిన వ్యక్తి పురుషుడిగా మారే శస్త్రచికిత్స అనగానే అందరినీ ఒకే గాటన కట్టడం మనం చేసే మొదటి పొరపాటు. వైద్యశాస్త్రమూ, ఫిఖ్హ్ శాస్త్రమూ ఇక్కడ రెండు రకాల వ్యక్తులను వేర్వేరుగా చూస్తాయి.

మొదటివారు పుట్టుకతోనే దేహంలో ఉభయ లక్షణాలు కలిగినవారు. ఉదాహరణకు 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైము లోపమున్న శిశువుకు క్రోమోజోములు మగవే. వృషణాలు కడుపులోనో, గజ్జల్లోనో దాగి ఉంటాయి. బయటి అవయవం ఆడశిశువును పోలి ఉండడంతో అందరూ ఆడపిల్ల అనే అనుకుంటారు. యుక్తవయసు రాగానే గొంతు బొంగురుపోతుంది, కండరాలు గట్టిపడతాయి, నెలసరి మాత్రం రాదు. పుట్టుకతో వచ్చే అడ్రినల్ గ్రంథుల లోపంలో ఇందుకు భిన్నంగా జరుగుతుంది. క్రోమోజోములు, గర్భసంచి ఆడవే అయినా, ఆ గ్రంథులు పురుష హార్మోనును అధికంగా విడుదల చేయడం వల్ల బయటి అవయవం మగశిశువు పోలికలోకి రావచ్చు. దీని తీవ్రరూపంలో శరీరం ఉప్పును నిలుపుకోలేదు. మందు పడకపోతే తొలి వారాల్లోనే శిశువు ప్రాణం పోవచ్చు. ఈ రెండు లోపాలూ తల్లి నుంచీ తండ్రి నుంచీ, ఇద్దరి నుంచీ జన్యువు సంక్రమిస్తేనే వస్తాయి. కనుక దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు జరిగే కుటుంబాల్లో వీటికి అవకాశం ఎక్కువ. పదిహేనేళ్లు నిండినా నెలసరి రాని పిల్లను దర్గాల చుట్టూ తిప్పకుండా, హార్మోన్ల వైద్యుని వద్దకు తీసుకువెళ్లడం తల్లిదండ్రుల బాధ్యత. కృష్ణానగర్‌కు దగ్గరలోనే, పంజాగుట్టలోని నిమ్స్‌లో హార్మోన్ల వైద్య విభాగం, యూరాలజీ, ప్లాస్టిక్ సర్జరీ విభాగాలు మూడూ ఉన్నాయి.

ఒకప్పటి నిజాం రాజ్యంలో భాగమైన బీడ్ జిల్లాలో, మన పొరుగునే ఇటువంటి ఉదంతం ఉంది. అక్కడ మహిళా కానిస్టేబుల్‌గా చేరిన ఒక వ్యక్తికి పరీక్షల్లో మగ క్రోమోజోము ఉన్నట్లు తేలింది. చికిత్సకు సెలవు దొరకక 2017లో బొంబాయి హైకోర్టును ఆశ్రయించవలసి వచ్చింది. ప్రభుత్వ అనుమతి లభించిన తరువాత 2018 మే నెలలో ముంబయిలోని సెయింట్ జార్జ్ ప్రభుత్వ ఆసుపత్రిలో మొదటి దశ శస్త్రచికిత్స జరిగింది. ఆ కానిస్టేబుల్ పురుషునిగా అదే ఉద్యోగంలో కొనసాగారు, వివాహం చేసుకున్నారు.

రెండవవారి దేహం అన్ని విధాలా స్త్రీ దేహమే. కాని చిన్ననాటి నుంచీ లోపలి మనిషి తాను పురుషుడినని గట్టిగా ఎరుగుదురు. దేహానికీ, ఆ ఎరుకకూ మధ్య పొసగనితనం వల్ల కలిగే తీవ్ర వేదనను వైద్యులు జెండర్ డిస్ఫోరియా అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టిక 11వ కూర్పు ఈ స్థితిని మానసిక రుగ్మతల జాబితా నుంచి తొలగించింది. 2022 నుంచి ఆ పట్టిక అమలులో ఉంది. ఆ తల్లి బిడ్డ ఈ రెండవ కోవకు చెందినది. ఇక చెప్పబోయే చికిత్సా క్రమం ముఖ్యంగా వీరికి సంబంధించినదే.

హార్మోను తెచ్చే మార్పులు

శస్త్రచికిత్స ఒక్కరోజు సంఘటన కాదు. ఏళ్ల తరబడి సాగే దారిలో అది ఒక మజిలీ మాత్రమే. పద్దెనిమిదేళ్లు నిండినవారిని మొదట మానసిక వైద్యుడు పలుమార్లు కూర్చోబెట్టి మాట్లాడతారు. ఈ కోరిక ఎంతకాలంగా ఉంది, ఇతర మానసిక వ్యాధి ఏదైనా ఉందా, జరగబోయేదంతా తెలిసే ఒప్పుకుంటున్నారా అన్నవి పరిశీలిస్తారు. ‘నయం’ చేస్తామంటూ మందులతో, బెదిరింపులతో మనసును మళ్లించే ప్రయత్నాలను జాతీయ వైద్య కమిషన్ 2022లో వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. పరీక్షించి, బాగా ఆలోచించుకోమని సలహా చెప్పడం వేరు. కొట్టి మార్చాలని చూడడం వేరు.

తరువాత సాధారణంగా టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు మొదలవుతాయి. కొన్ని నెలల్లో నెలసరి ఆగుతుంది, గొంతు మారుతుంది, మొటిమలు లేస్తాయి. గడ్డం నెమ్మదిగా వస్తుంది, నిండుగా రావడానికి నాలుగైదేళ్లు పట్టవచ్చు. వీటిలో కొన్ని మందు ఆపితే వెనక్కి మళ్లుతాయి. మారిన గొంతు, వచ్చిన గడ్డం మాత్రం పూర్తిగా వెనక్కి రావు. రక్తం చిక్కబడడం, కొవ్వు పెరగడం ఈ మందుతో వచ్చే ప్రమాదాలు. అందుకే మొదటి సంవత్సరమంతా సుమారు మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేయించాలి. వ్యాయామశాలల్లో పరిచయమైనవారు తెచ్చి ఇచ్చే మందును ఎవరి పర్యవేక్షణా లేకుండా పొడిపించుకోవడం ప్రాణాలతో చెలగాటమే. సంతానం గురించిన ఆలోచన ఏమాత్రం ఉన్నా, హార్మోను మొదలుపెట్టక ముందే వైద్యునితో మాట్లాడుకోవాలి.

ఆపరేషన్ గదిలో

ఆపరేషన్ అన్న ఒక్క మాట వెనుక మూడు వేర్వేరు శస్త్రచికిత్సలు ఉన్నాయి. మూడూ చేయించుకోవాలన్న నియమం లేదు. చాలామంది మొదటిదానితోనే ఆగిపోతారు.

మొదటిది రొమ్ముల తొలగింపు. రెండు మూడు గంటలు పడుతుంది. ఛాతీకి రెండు పక్కలా సన్నని గొట్టాలు అమర్చుతారు. లోపల చేరే రక్తం, నీరు వాటి ద్వారా బయటి సీసాల్లోకి వస్తాయి. సాధారణంగా వారం రోజుల్లో వాటిని తీసివేస్తారు. ఛాతీని బిగించి ఉంచే బనియను కొన్ని వారాలు ధరించాలి. నెలా నెలన్నర వరకు బరువులు ఎత్తరాదు, చేతులు భుజాలకు పైగా లేపరాదు. రక్తం గడ్డకట్టి ఉబ్బడం, చీము పట్టడం, చనుమొనల వద్ద స్పర్శ పోవడం, మచ్చలు మిగలడం ఇందులో ఎదురయ్యే చిక్కులు. పొగ తాగేవారికి గాయం సరిగా మానదు కనుక వారాల ముందే ఆ అలవాటు మానిపిస్తారు.

రెండవది గర్భసంచి, అండాశయాల తొలగింపు. ఎక్కువగా పొట్టకు చిన్న రంధ్రాలు చేసి లాపరోస్కోపీ పద్ధతిలో చేస్తారు. కోలుకోవడానికి ఆరు వారాలైనా కావాలి. అండాశయాలు తీసివేసిన పిమ్మట తల్లి అయ్యే అవకాశం శాశ్వతంగా పోతుంది. అంతేకాదు, ఎముకలు గుల్లబారకుండా ఉండాలంటే హార్మోనును జీవితాంతం కొనసాగించాలి. సంతకం పెట్టే ముందు ఈ వాక్యాన్ని మరొకసారి చదువుకోవడం మంచిది.

మూడవది పురుషాంగ నిర్మాణం. దీనికి ముందు కనీసం ఆరు నెలలైనా హార్మోను వాడి ఉండడం ఇప్పటి అంతర్జాతీయ ప్రమాణం. ఇందులో రెండు దారులున్నాయి. హార్మోను వల్ల పెరిగిన సహజ అవయవాన్నే విడదీసి సరిచేసే చిన్న శస్త్రచికిత్స ఒకటి. ముంజేతి నుంచో, తొడ నుంచో చర్మాన్ని రక్తనాళాలతో సహా తీసి అంగాన్ని రూపొందించే ఫాలోప్లాస్టీ మరొకటి. ఈ రెండవది మొత్తం దారిలో అతి కఠినమైన మజిలీ. ఒక్కో దశకు ఎనిమిది పది గంటలు కూడా పట్టవచ్చు. నెలల వ్యవధితో రెండు మూడు దశల్లో చేస్తారు. కొత్తగా తయారుచేసిన మూత్రమార్గం మధ్యలో చిల్లుపడడం, సన్నబడి మూసుకుపోవడం తరచుగా జరుగుతుంది. వాటిని సరిదిద్దడానికి మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కవలసి వస్తుంది. చర్మం తీసిన చేతిపై పెద్ద మచ్చ మిగులుతుంది. ఎంత చక్కగా జరిగినా దీనివల్ల సంతానం కలిగించే శక్తి రాదు. ఈ మాటలన్నీ దాచకుండా చెప్పే వైద్యుడే నమ్మదగిన వైద్యుడు.

ఈ విద్య యుద్ధ క్షతగాత్రుల చికిత్స నుంచి పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికులకు ఇంగ్లండులో చర్మపు గొట్టం పద్ధతితో కొత్త ముక్కులు, దవడలు తీర్చిదిద్దిన వైద్యుడు హెరాల్డ్ గిల్లీస్. అదే పద్ధతితో 1946 నుంచి 1949 వరకు మైకేల్ డిలన్ అనే వ్యక్తికి ఆయన పదమూడు ఆపరేషన్లు చేశారు. స్త్రీగా పుట్టిన డిలన్ తరువాత వైద్యుడయ్యారు. 1958లో పత్రికలు ఆయన రహస్యాన్ని బయటపెట్టగా దేశం విడిచి భారతదేశానికి వచ్చారు. 1962లో డల్హౌసీలో, స్వదేశానికి దూరంగా, 47 ఏళ్లకే కన్నుమూశారు. దేహానికి పడిన కుట్లు మానిపించడం వైద్యునికి సాధ్యమైంది. ఆ మనిషికి లోకంలో చోటు కల్పించడం ఆయన చేతిలో లేకపోయింది.

దీన్‌లో ఏమని ఉంది?

మేము ముఫ్తీలము కాము. ధర్మవేత్తలు చెప్పినదానిని ఉన్నది ఉన్నట్లు పాఠకుల ముందుంచడమే మా పని.

ఉభయ లక్షణాలతో పుట్టినవారిని మన ఫిఖ్హ్ గ్రంథాలు ఖున్సా అంటాయి. హనఫీ గ్రంథాల్లో వీరి కోసం ప్రత్యేక అధ్యాయమే ఉంది. చిన్ననాట మూత్రం ఏ మార్గంలో వస్తున్నదో చూసి, యుక్తవయసులో గడ్డం, నెలసరి వంటి గుర్తులు చూసి స్త్రీయో పురుషుడో నిర్ణయించమన్నారు. ఎటూ తేలనివారిని ఖున్సా ముష్కిల్ అన్నారు. నమాజులో వారి వరుస పురుషుల వరుసకూ స్త్రీల వరుసకూ మధ్య ఉండాలని, వారు మరణిస్తే గుస్ల్‌కు బదులు తయమ్ముమ్ చేయించాలని, వారసత్వంలో ఇంత వాటా ఇవ్వాలని వివరంగా రాశారు. ఇందులో మనం గమనించవలసింది ఒకటుంది. ఆ పెద్దలు వారిని వరుసలో నుంచి బయటకు పంపలేదు. వారి కోసం వరుసలో చోటు వెదికారు.

మక్కాలోని ముస్లిం వరల్డ్ లీగ్ ఫిఖ్హ్ మండలి 1989 ఫిబ్రవరిలో జరిగిన 11వ సమావేశంలో శస్త్రచికిత్సపై నిర్ణయం ప్రకటించింది. ఉభయ లక్షణాలు కలిగినవారిలో ఏ లక్షణాలు ప్రబలంగా ఉన్నాయో నిర్ధారించి, ఆపరేషన్‌తో గాని, హార్మోనుతో గాని ఆ వైపు సరిచేయడం వైద్యమే కనుక అది ధర్మసమ్మతమని చెప్పింది. స్త్రీ అవయవాలు గాని, పురుష అవయవాలు గాని సంపూర్ణంగా ఉన్నవారు రెండవ జాతికి మారడం మాత్రం అల్లాహ్ సృష్టిని మార్చడమేనని, అది నిషిద్ధమని చెప్పింది. సున్నీ ధర్మవేత్తలలో అత్యధికులది ఇదే అభిప్రాయం. 1988లో ఈజిప్టులో ఒక వైద్య విద్యార్థి శస్త్రచికిత్సపై వివాదం రేగినప్పుడు, అప్పటి ప్రధాన ముఫ్తీ ముహమ్మద్ సయ్యద్ తంతావీ ఇచ్చిన జవాబును ఇరుపక్షాలూ తమకు అనుకూలంగా చెప్పుకున్నాయి. షియా ధర్మవేత్త ఆయతుల్లా ఖొమైనీ 1980లలో అనుమతిస్తూ ఇచ్చిన ఫత్వా ఆధారంగా ఇరాన్‌లో ఈ శస్త్రచికిత్సలు చట్టబద్ధంగా జరుగుతున్నాయి.

మా ముందున్న తల్లి ఇదంతా మౌనంగా విన్నారు. మొదటి కోవకు చెందిన బిడ్డ అయితే ఆమె గుండె కొంత తేలికపడేది. తన బిడ్డ విషయంలో ఎక్కువమంది పెద్దల మాట ఎటు ఉందో ఆమెకు అర్థమైంది. ఆ మాటను మేము తీపి పూత పూసి చెప్పలేదు.

ఆపరేషన్ తరువాత ఎదురయ్యే ఇబాదత్ ప్రశ్నలకు మాత్రం ఏ రోగికైనా వర్తించే సమాధానమే ఉంది. కట్టు తడపకూడదని వైద్యుడు చెబితే కట్టుపై తడిచేత్తో మసహ్ చేస్తే చాలు. నీరు వాడడమే హాని అయితే తయమ్ముమ్ ఉంది. లేవలేనివారు కూర్చొని, కూర్చోలేనివారు పడుకొని సైగలతో నమాజు చేయవచ్చు. రంజాన్‌లో అయితే రోజాలు తరువాత కజా చేసుకోవచ్చు. ‘ఇంత పని చేసినవారికి ఇక నమాజెందుకు’ అని ఎవరైనా అంటే, ఆ మాట అనే అధికారం వారికి ఎవరూ ఇవ్వలేదని గుర్తుంచుకోవాలి.

చట్టం, ఖర్చు

హైదరాబాద్‌కు ఈ విషయంలో ఒక చేదు చరిత్ర ఉంది. నిజాం పాలనలో 1329 ఫస్లీలో, అంటే 1919 ప్రాంతంలో, హిజ్రాల పేర్లను పోలీసు రిజిస్టరులో నమోదు చేయించి, వారంట్ లేకుండానే అరెస్టుకు వీలు కల్పించే చట్టం వచ్చింది. దానిని తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. శస్త్రచికిత్స చేయించుకుంటేనే గుర్తింపు ఇస్తామనడం తగదని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న ఇచ్చిన తీర్పులో చెప్పింది. లోకం మెప్పు కోసం ఆపరేషన్‌కు తొందరపడే పిల్లలకు ఈ సంగతి తెలియాలి.

2019లో పార్లమెంటు చేసిన చట్టం జిల్లా మేజిస్ట్రేటు ద్వారా గుర్తింపు పత్రం పొందే పద్ధతిని, శస్త్రచికిత్స తరువాత సవరించిన పత్రం తీసుకునే పద్ధతిని ఏర్పరచింది. చికిత్సకు ముందూ తరువాతా కౌన్సెలింగ్ అందించే బాధ్యతను ప్రభుత్వాలపై ఉంచింది. అదే చట్టం ఇంటి నుంచి బలవంతంగా వెళ్లగొట్టడాన్ని, కొట్టడాన్ని, వేధించడాన్ని ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలుశిక్షకు తగిన నేరాలుగా పేర్కొన్నది. నియమాలు మారుతుంటాయి కనుక దరఖాస్తు చేసే ముందు కలెక్టరేటులో విచారించుకోవాలి.

ప్రైవేటు ఆసుపత్రుల్లో దశలన్నీ కలిపితే ఖర్చు లక్షల్లో ఉంటుంది. ఆయుష్మాన్ భారత్ కింద గుర్తింపు పత్రమున్న ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఏటా 5 లక్షల రూపాయల వరకు వైద్యసాయం ఇచ్చే పథకానికి 2022 ఆగస్టులో ఒప్పందం కుదిరింది. తమ ఆసుపత్రి ఆ పథకంలో ఉన్నదో లేదో ముందుగా అడగాలి. అప్పు చేసి సగం దశలో ఆగిపోవడం కంటే ఆలస్యం మేలు.

పక్కన ఎవరుంటారు?

ఇక ఆమె చివరి ప్రశ్న. కృష్ణానగర్ గదుల్లో ఇటువంటి ఆపరేషన్ చేయించుకొని వచ్చినవారికి మొదటి వారం ఎలా గడుస్తుందో ఆ బిడ్డ స్నేహితులు మాకు చెప్పారు. గొట్టాల సీసాలు ఖాళీ చేసి, ఎంత వచ్చిందో రాసిపెట్టాలి. వీపు రుద్దాలి, అన్నం కలిపి పెట్టాలి. రాత్రి జ్వరమొస్తే ఆటో పిలవాలి. గదిలో ఉన్నవారికి తెల్లవారుజామునే షూటింగు పిలుపు వస్తుంది. ఆపైన మంచం మీది మనిషి ఒంటరి. గాయం చీము పట్టిన సంగతి ఆలస్యంగా తెలిసేది ఇలాంటి చోట్లనే.

రోగిని పరామర్శించడం ఒక ముస్లింపై మరొక ముస్లింకు ఉన్న హక్కులలో ఒకటని మనకు చిన్నప్పుడే నేర్పారు. రోగి చేసిన పని మనకు నచ్చితేనే వెళ్లాలని ఆ హక్కుకు షరతు లేదు. తీర్పు వేరు, పరామర్శ వేరు. బిడ్డ నిర్ణయంతో ఏకీభవించని తల్లిదండ్రులు ఆ సంగతిని ప్రేమగా చెప్పవచ్చు, మరోసారి ఆలోచించుకోమని వేడుకోవచ్చు, దుఆ చేయవచ్చు. ఆ తరువాత కూడా బిడ్డ ఆపరేషన్ బల్ల ఎక్కితే, మెలకువ వచ్చే వేళకు మంచం పక్కన కుర్చీ ఖాళీగా ఉండకూడదు. ఆ కుర్చీలో కూర్చోవడం ఫత్వా ఇవ్వడం కాదు. కన్నవారి బాధ్యత నెరవేర్చడం మాత్రమే.

ఇదంతా విన్న తరువాత ఆ తల్లి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చేతులు పైకి ఎత్తకూడదన్న మాట ఒక్కటే ఆమెకు బాగా గుర్తుండిపోయినట్లుంది. “అయితే తల మీదుగా తొడిగే బట్టలు పనికిరావు కదా” అన్నారు. ఫోను తీసి బిడ్డను చొక్కా కొలత అడిగారు. జవాబు వచ్చేసరికి కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. ఆ సాయంత్రం అమీర్‌పేటలో ముందు గుండీలున్న చొక్కాలు మూడు కొన్నారు. రెండేళ్లుగా ఆ బిడ్డకు ఇంటి నుంచి అందిన మొదటి వస్తువులు అవే.

తండ్రి నుంచి ఇంకా ఫోను రాలేదు. ఆమె తిరిగి ఊరికి వెళ్లలేదు. వారం రోజుల సెలవు కావాలని తాను పనిచేసే పాఠశాల వంటశాలకు కబురు పంపారు.